తల ఊపే పెద్దమనిషి

పొద్దున బడికి బయల్దేరుతూ ఫోను చూస్తే తెలుగు సంఘం గ్రూపులో ఆయన ఫొటో కనిపించింది. ఫొటోకి దండ వేసి ఉంది. గుండెపోటట. మనిషి పోయిన సంగతి ఒక్క ముక్కలో అయిపోయింది గానీ, ఆయన సంపాదించిన సర్టిఫికెట్ల పట్టిక చదవడానికి మాత్రం వేలితో మూడుసార్లు పైకి తోయాల్సి వచ్చింది. దుఃఖంలో ఓదార్పు, కుటుంబ సంప్రదింపులు, శ్వాస సాధన, బొమ్మలతో సాంత్వన, ఫోనులో ధైర్యం చెప్పడం. అన్నీ కరోనా కాలంలో ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని తెచ్చుకున్నవే. ఆ పట్టిక ఎవరు తయారు చేశారో తెలియదు. ముందుజాగ్రత్తగా ఆయనే రాసిపెట్టుకుని పోయాడేమోనని నా అనుమానం.

పోయినవాళ్ల గురించి మంచే మాట్లాడాలని మా అమ్మ నేర్పింది. ఈ ఒక్క మనిషి విషయంలో నేను ఆవిడ మాట నిలబెట్టలేను.

ఆయన మా ఊరి అవతల హజీరాలో ఒక పెద్ద కంపెనీలో సిబ్బంది వ్యవహారాలు చూసి రిటైరయ్యాడు. కోస్తావైపు మనిషి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ జనాన్ని ఇంటికి పంపే కాగితాల మీద సంతకాలు పెట్టాడనీ, దిగిపోయాక వాళ్ల మనసులు బాగుచెయ్యాలని బుద్ధి పుట్టిందనీ సంఘంలోనే ఒకాయన నవ్వుతూ చెప్పాడు. అలా కౌన్సెలర్ అయ్యాడు. మా గోడాదరా పేటలో అందరూ ఆయన్ని డాక్టరు అనేవాళ్లు. డాక్టర్ని కాదండీ, కౌన్సెలర్ని అని ప్రతివాళ్లకీ ఓపిగ్గా దిద్దేవాడు. కాకపోతే దిద్దే ముందు ఒక క్షణం ఆగేవాడు, ఆ పిలుపు నలుగురి చెవుల్లో పడేదాకా.

నేను గోడాదరాలో మున్సిపాలిటీ తెలుగు మీడియం బడిలో టీచర్ని. పుట్టి పెరిగింది ఇక్కడే. మా బాపు కరీంనగర్ దిక్కు నుంచి పరాయి రాష్ట్రంలోని ఈ బట్టల మిల్లుల ఊరికి సాంచాలు నడపడానికి వచ్చాడు. కరెంటు మగ్గాన్ని మావాళ్లు సాంచా అంటారు. బాపు తర్వాత మా అన్న అదే కార్ఖానాలో చేరాడు. మా గల్లీలో ఇంటికొకరైనా సాంచాల మనిషి ఉంటాడు. రెండో వేవ్ మమ్మల్ని ఊడ్చిపెట్టి పోయాక, సంఘం పెద్దలకి మా మీద జాలి కలిగింది. బియ్యం, పప్పు సంచులు మొదటి ఏడాదే పంచేశారు కాబట్టి ఈసారి మనోధైర్యం పంచుదామనుకున్నారు. అందుకు ఆయన ముందుకొచ్చాడు. ఆయన మాట వీళ్లకీ, వీళ్ల మాట ఆయనకీ అర్థమయ్యేలా చెప్పడానికి ఒక మనిషి కావాలని నన్ను పెట్టారు. రెండువైపులా మాట్లాడేది తెలుగే.

ప్రతి శనివారం పదకొండింటికి డబ్బున్నవాళ్లుండే ఆల్థాన్ నుంచి తెల్ల కారు వచ్చేది. గల్లీ మొదట్లో ఆగేది, లోపలికి పట్టదు. ఆయన దిగి, ముక్కుకి ఒక గట్టి మాస్కు, దాని మీద ఇంకో గుడ్డ మాస్కు సరిచూసుకుని, మా బడి వరండాలో వేసిన కుర్చీకి మందు నీళ్లు చల్లి, ఆరేదాకా నిలబడి, అప్పుడు కూర్చునేవాడు. ఎదురు కుర్చీ ఆరడుగుల దూరంలో ఉండాలి. దూరం ఆయనే అడుగులేసి కొలిచేవాడు. తర్వాత సంచీలోంచి ప్లాస్టిక్ తొడుగు వేసిన అట్ట తీసేవాడు. దాని మీద పదహారు ముఖాలు, ఏడుపువీ, నవ్వువీ, కోపానివీ ఉండేవి. దాన్ని నాచేత ఎదురు కుర్చీకి పంపి, ఇవాళ మీరు ఏ ముఖమండీ అని అడిగేవాడు. పన్నెండు గంటల పని చేసి నిద్ర ఆపుకుని వచ్చినవాడు, చేతికి దగ్గరగా ఏ మూల ముఖం ఉంటే దాని మీద వేలు పెట్టేవాడు. ఆ మూలనున్నది సిగ్గుపడుతున్న ముఖం. మా గల్లీ మగవాళ్లందరికీ సిగ్గు ఎక్కువని ఆయన ఫైల్లో రాసుకున్నాడు.

ఆయన గురించి ఒక్కటే చెప్పమంటే తల ఊపడం గురించి చెబుతాను. ఎదుటివాడు మాట్లాడేటప్పుడు మెడ కొద్దిగా ఎడమకి వంచేవాడు. కళ్లు సగం మూసేవాడు. మెల్లగా మూడుసార్లు తల ఊపి, మూడోసారి చివర 'ఊఁ' అనేవాడు. ఎదుటివాడు మాట్లాడకపోయినా ఇదంతా జరిగేది. ఆయన భార్య ఫోను చేసినప్పుడు కూడా అదే మెడ, అదే ఊఁ. అది ఒక కోర్సులో నేర్చుకున్నాడని తర్వాత తెలిసింది. "టీచరుగారూ, వినడం ఒక కళండీ. నేనింకా నేర్చుకుంటూనే ఉన్నాను" అని ఒకసారి కారు దాకా నడుస్తూ చెప్పాడు. అందులో అబద్ధం లేదు. వారానికి రెండు సాయంత్రాలు ఏదో ఒక తరగతిలో కూర్చునేవాడు. వారం మారితే విద్య మారేది. మంగళవారం ఏది నేర్చుకుంటే శనివారం మా మీద అది ప్రయోగించేవాడు.

శ్వాస నేర్చుకున్న వారం మావాళ్లందర్నీ వరండాలో వరసగా కూర్చోబెట్టి గుండెల నిండా గాలి పీల్చమన్నాడు. పక్కనే కార్ఖానా కిటికీ ఉంది, అందులోంచి దారాల నూగు రాలుతూ ఉంటుంది. నలుగురు దగ్గుతూ లేచిపోయారు. కృతజ్ఞత నేర్చుకున్న వారం తలా ఒక కాగితం ఇచ్చి, ఈ వారంలో మీకు జరిగిన మూడు మంచి విషయాలు రాయండి అన్నాడు. ఒకాయన మూడు చోట్లా 'కరెంటు పోయింది' అని రాశాడు. పెద్దమనిషి ఆ కాగితం చూసి చాలాసేపు బాధగా తల ఊపి, దాన్ని తీవ్రమైన నిరాశ కింద రాసుకున్నాడు. కరెంటు పోతేనే సాంచాల మనిషి కాసేపు కూర్చుంటాడని ఆయనకి తెలియదు. నేనూ చెప్పలేదు. ఇంటికి పోయి గల్లీ ఆడవాళ్లం చెప్పుకుని నవ్వుకున్నాం.

చెప్పనివి ఇంకా ఉన్నాయి. అన్నిటికన్నా పెద్దది చెవుల సంగతి.

సాంచాల మధ్య ఏళ్లకేళ్లు నిలబడిన మనిషికి చెవి నిలవదు. కార్ఖానా లోపల ఎవరూ మాటతో మాట్లాడరు, వేళ్లతోనూ పెదవులతోనూ మాట్లాడతారు. రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తే పోగు తెగిందని, బొటనవేలు మూతి దగ్గర పెడితే చాయ్ అని. బయటికొచ్చాక ఎదుటివాడి పెదవులు చూసి మాట పట్టుకుంటారు. వాళ్ల గొంతులు పెద్దవి, ఎందుకంటే వాళ్ల గొంతు వాళ్లకే వినపడదు. కానీ ఈ సంగతి బయట ఒప్పుకోరు. సాంచా శబ్దం మారితే చెవితో పట్టుకోవాలి, చెవిటివాడికి అది చేతకాదు అని కార్ఖానాల యజమానులు, సేఠ్‌ల లెక్క. చెవిటివాడని, వాళ్ల మాటలో బహేరా అని, పేరు పడిందంటే మర్నాడు ఆ సాంచాల దగ్గర ఇంకొకడు ఉంటాడు. అందుకని మావాళ్లు ఒక అలవాటు చేసుకున్నారు. వినపడనిదానికల్లా అవునన్నట్టు తల ఊపుతారు. తల ఊపినవాణ్ణి ఏ సేఠూ రెండోసారి అడగడు. ఇంట్లో ఆడవాళ్లం ఈ గుట్టు కాపాడతాం. మా బాపు చెవిటివాడని ఆయన కాష్ఠం కాలేదాకా బయటివాళ్లకి తెలియదు.

ఇంక కరోనా వచ్చి అందరి మూతులూ మూసేసింది. పెదవులు పోయాయి. మా మగవాళ్లకి అప్పుడు నిజంగా లోకం మూగదైపోయింది. సరిగ్గా ఆ కాలంలో ఈ పెద్దమనిషి రెండు మాస్కులు వేసుకుని, ఆరడుగుల దూరంలో కూర్చుని, ఏదో కోర్సులో నేర్పిన మెత్తటి గొంతుతో "మీలో ఉన్న బాధని ఒకసారి పలకరించి చూడండి" అనేవాడు. వాళ్లు తల ఊపేవాళ్లు. ఆయనా తల ఊపేవాడు. ఫైల్లో 'బాగా సహకరిస్తున్నారు' అని రాసుకునేవాడు.

నేను పక్కనే ఉన్నాను. నోరు విప్పలేదు. ఆయన రిపోర్టులు సంఘం పెద్దల చేతుల మీదుగా సేఠ్‌లకి కూడా వెళ్తాయని ఆయనే గర్వంగా చెప్పాడు. అది ఒక కారణం. అది మాత్రమే అయితే ఇంత బాధ లేదు. ఇన్ని చదువులు చదివినవాడు ఎదురుగా కూర్చున్న మనిషికి వినపడటం లేదని ఎన్నాళ్లకి కనిపెడతాడో చూద్దామనే పంతం కూడా ఉంది నాకు. వారం వారం ఆయన ఓడిపోతుంటే నాకు లోపల్లోపల సంతోషంగా ఉండేది.

ఆ శనివారాల్లో ఎదురు కుర్చీలో కూర్చునేవాళ్లలో మా అన్న ఒకడు.

మా వదిన రెండో వేవ్‌లో పోయింది. పొద్దున ఆయాసం వచ్చింది, పదింటికి అంబులెన్సు వచ్చింది, వెంట ఎవర్నీ ఎక్కనియ్యలేదు. నాలుగో రోజు ఫోను వచ్చింది. మనిషిని మళ్లీ చూపించలేదు. వాళ్లకి పిల్లలు లేరు. అన్న ఇల్లూ మా ఇల్లూ ఒకటే గోడ. అంబులెన్సు వెళ్లిన రోజు నుంచి అన్న మాట్లాడటం మానేశాడు. కార్ఖానాకి వెళ్లడం మానేశాడు. పెట్టింది తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. గడప మీద కూర్చుని గల్లీ మొదలు వైపు చూసేవాడు. బడి లేదు కాబట్టి మా టీచర్లకి ఇంటింటికీ తిరిగి జ్వరాలు రాసుకునే డ్యూటీ వేశారు. నా వల్ల అన్నకి ఏదన్నా అంటుకుంటుందని భయపడి, నేను మాస్కు తియ్యకుండా గడప దగ్గరే కంచం పెట్టి వచ్చేదాన్ని. అన్న ఇలాగే ఇంకొన్నాళ్లుంటే మాకు దక్కడని గల్లీలో అందరికీ తెలుసు. నాకు అందరికన్నా ముందు తెలుసు.

కాబట్టి అన్నని ఆయన దగ్గర నేనే కూర్చోబెట్టాను. ఎంత వెక్కిరించినా, ఆ తల ఊపుడులో ఏదన్నా మహిమ ఉందేమోనని ఒక మూల ఆశ. పదకొండు శనివారాలు కూర్చున్నాడు. ఆయన మెత్తగా ఏదో అడిగేవాడు. అన్న తల ఊపేవాడు. ఆయన ఊఁ అని మూడుసార్లు ఊపేవాడు. అన్న ఇంకోసారి ఊపేవాడు. ఇద్దరు పెద్దమనుషులు అరగంట సేపు ఒకరికొకరు తల ఊపుకుని లేచేవాళ్లు. అన్నకి వినపడదని అప్పుడైనా చెప్పాల్సింది. చెబితే సాంచాలు పోతాయి, మనిషి తేరుకుని పనిలోకి పోవాల్సిన రోజు వస్తే పోవడానికి చోటు ఉండదు అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. పదకొండో వారం ఆయన ఫైలు మూసి, మీ అన్నయ్యగారు వాస్తవాన్ని పూర్తిగా అంగీకరించారండీ అని నాకు శుభవార్త చెప్పాడు. ఏ ప్రశ్నకీ అన్న కాదనలేదట.

దసరా వెళ్లాక ఆల్థాన్‌లో ఒక హాలులో సంఘం సభ పెట్టారు. సేవ చేసినవాళ్లకి సన్మానం, సేవ చేయించుకున్నవాళ్ల ప్రదర్శన. ప్రదర్శనకి ఆయన మా అన్నని ఎంచుకున్నాడు. నేను వద్దనలేదు. తెల్లచొక్కా ఇస్త్రీ చేసి తొడిగి, బండి మీద వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాను. వేదిక మీద కుర్చీలో కూర్చోబెట్టారు. హజీరా ఇంజనీర్లు, వాళ్ల ఆడవాళ్లు, ముందు వరసలో ఇద్దరు సేఠ్‌లు, అందరూ మాస్కుల్లో. ఆయన మైకు పట్టుకుని దుఃఖానికి ఎన్ని మెట్లుంటాయో, మా అన్నని ఏ వారం ఏ మెట్టు ఎక్కించాడో చెప్పాడు. మధ్యమధ్య అన్న వైపు తిరిగి, అవునా అండీ అనేవాడు. అన్న తల ఊపేవాడు. జనం చప్పట్లు కొట్టేవాళ్లు.

అప్పుడు ఫొటోలు తీసేవాడు ముందుకొచ్చి, సార్, ఒక్క నిమిషం మాస్కులు దించండి అన్నాడు. ఆయన రెండు మాస్కులూ గడ్డం కిందికి లాగాడు. చేతిలో సన్మాన పత్రం ఉంది, సలాబత్‌పురా బజారులో కొన్న శాలువా ఉంది. పత్రంలో కీర్తిశేషులైన భార్య అని రాసి, పేరుండాల్సిన చోట ఖాళీ ఉంది. ఆయన ఆ ఖాళీని చూసి నాలుక కరుచుకుని, అన్న ముఖంలోకి వంగి అడిగాడు.

"మీ ఆవిడ పేరేంటండీ?"

పదకొండు వారాలు. ఆ మాట ఆయన అడగడం అదే మొదటిసారి. ఆయన కాగితాల్లో దానికి గడి లేదు.

అన్న ఆ పెదవుల్ని చూశాడు. వదిన పోయిన తర్వాత అన్న ఎదురుగా అంత దగ్గరగా కదిలిన పెదవులు అవే.

"సుగుణ," అన్నాడు.

కార్ఖానాలో పన్నెండు సాంచాల మీదుగా అరిచే గొంతు అది. మైకు లేకుండానే హాలు చివరిదాకా పోయింది. ముందు వరసలో ఒకావిడ ఉలిక్కిపడింది.

"సుగుణ. అంబులెన్సుల కూసున్నంక అద్దంలకెల్లి నాకు ఏమో చెప్పింది. మూతికి మాస్కుండె. నేను తల ఊపిన. ఏం చెప్పిందో నాకు తెల్వది. దేనికి సరే అన్ననో తెల్వది. తోల్కపో అన్నదో, నువ్వు గూడ రా అన్నదో. నేను తల ఊపి ఈడనే నిలవడ్డ. తర్వాత అడుగుదామంటే మనిషి రాలే."

ఆయన మాస్కులు ఇంకా గడ్డం కిందే ఉన్నాయి. ఇప్పుడు ఆ పెద్దమనిషి ఏం చెప్పినా అన్న పెదవులు చూసి పట్టుకుంటాడు. ఇంతకాలం చదివిన చదువులన్నిటికీ పనికొచ్చే క్షణం అదొక్కటే. ఆయన ఏం చేశాడో నాకు ఇవాళ్టికీ కళ్లకి కట్టినట్టు ఉంది. మెడ ఎడమకి వంచాడు. కళ్లు సగం మూశాడు. మెల్లగా మూడుసార్లు తల ఊపి, మైకులో ఊఁ అన్నాడు. తర్వాత చేతి గడియారం చూసుకున్నాడు. పిల్లల డాన్సు వాళ్లు అప్పటికే మెట్ల దగ్గర నిలబడి ఉన్నారు. దీని గురించి మనం వచ్చే శనివారం వివరంగా మాట్లాడుకుందామండీ అని, మాస్కు పైకి లాక్కుని, అన్నకి శాలువా కప్పాడు. చప్పట్లు మోగాయి. సేఠ్‌లకి తెలుగు రాదు కాబట్టి వాళ్లూ చప్పట్లు కొట్టారు.

నేను వేదిక ఎక్కి అన్న చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాను. కోపం ఆయన మీద కాదు, నా మీద. ఎందుకంటే అంబులెన్సు వచ్చిన రోజు నేను అన్న పక్కనే నిలబడి ఉన్నాను. వదిన మాస్కులోంచి చెప్పిన మాట నాకు వినపడింది. అన్న తల ఊపాడు కదా, విన్నాడే అనుకున్నాను. మాకందరికీ తెలిసిన ఆ తల ఊపుడుని, దాని గుట్టు కాపాడుతూ పెరిగినదాన్ని, నేను కూడా నమ్మాను.

బండ్లు పెట్టే చోట అన్నని గట్టు మీద కూర్చోబెట్టి మాస్కు తీసేశాను. అన్న ముందు నా ముఖం బయటపెట్టడం ఆ అయిదు నెలల్లో అదే మొదలని అప్పుడు తట్టింది.

"అన్నా, నా దిక్కు జూడు. వదిన ఏమన్నదో నేను ఇన్న."

అన్న కళ్లు నా పెదవుల మీద పడ్డాయి.

"పొయ్యి మీద పప్పున్నది, మాడుతది, బంజేయి అన్నది. గంతే. నువ్వు కదలకపోతే నేనే పోయి బంజేసిన."

నమ్మలేదు. మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ చెప్పాను, ఈసారి పొయ్యి కట్టేస్తున్నట్టు చెయ్యి కూడా తిప్పి చూపించాను. కార్ఖానాలో చెప్పుకున్నట్టు.

"పప్పా?" అన్నాడు.

"పప్పే. అడుగు మాడింది గూడ."

అన్న నవ్వాడు. వదిన పప్పు ఎప్పుడూ అడుగు మాడుస్తుందని వాళ్లిద్దరికీ పెళ్లయినప్పటి నుంచీ తగువు. నవ్వి నవ్వి, సన్మానం శాలువాతో ముఖం కప్పుకుని, అందరూ వినేంత పెద్ద గొంతుతో ఏడ్చాడు. నేను ఆపలేదు. లోపల పిల్లల డాన్సు పాట మోగుతోంది. దారి పొడుగునా బండి వెనక నుంచి వదిన గురించి ఒక్కొక్కటే చెబుతూ వచ్చాడు. మర్నాడు పొద్దున కంచం తీసుకెళ్తే పప్పు వండమని అడిగాడు. ఆ దసరా వెళ్లి పదిహేను రోజులు తిరగకముందే కార్ఖానాకి పోయాడు.

ఈ ఘనత ఎవరి ఖాతాలో పడిందో చెప్పనక్కర్లేదు. ఆ పెద్దమనిషి మా అన్న కథని తోటి కౌన్సెలర్ల తరగతిలో చదివాడట. అన్న వేదిక మీద చెప్పిన మాటల్లో మాస్కు అంటే మనసుకి వేసుకున్న తెర అనీ, ఆ తెర తొలగించే దాకా తను ఓపిగ్గా వేచి ఉన్నాననీ వివరించాడట. దానికి ఇంకో సర్టిఫికెట్ ఇచ్చారు. అది కూడా ఇవాళ పొద్దున్న చూసిన పట్టికలో ఉంది, చివరి నుంచి రెండోది. ఎదుటివాడు మూతికి మాస్కుండె అంటే దాని అర్థం మూతికి మాస్కు ఉందనే అని, ఆ మనిషికి ఏ కోర్సులోనూ ఎవరూ చెప్పినట్టు లేదు. తర్వాత మూడో వేవ్ వచ్చింది, శనివారాలు ఫోను మీదికి మారాయి. సాంచాల మనుషులకి ఫోనులో ఓదార్పు. దాని గురించి నేను మాట్లాడకపోవడమే మంచిది. ఎవరు ఎత్తినా ఆ చివర నుంచి మెత్తగా ఊఁ అని వినపడేది, అదీ వినపడే చెవి ఉన్నవాళ్లకి.

అన్నకి చెవుడని ఆయనకి చివరిదాకా తెలియదు. నేను చెప్పలేదు. ఒకసారి చెబుదామనుకుని కారు దాకా వెళ్లాను. ఆయన ఎవరితోనో ఫోనులో తల ఊపుతున్నాడు. వెనక్కి వచ్చేశాను.

ఇవాళ మధ్యాహ్నం బడి నుంచి వచ్చేసరికి అన్న గడప మీద కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. ఇప్పుడు గల్లీలో మాస్కులు జేబుల్లోకి దిగాయి. నేను ఎదురుగా కూర్చుని, ఫోనులో ఫొటో చూపించి, నిదానంగా పెదవులు కదిపి చెప్పాను. ఆ తెల్ల కారు పెద్దమనిషి పోయాడన్నాను. అన్న కత్తి కింద పెట్టాడు. ఆయన సర్టిఫికెట్ల గురించి వెక్కిరింపుగా ఏదో అనబోతుంటే, అన్న చెయ్యెత్తి ఆపాడు.

"పాపం. మంచోడు. ఆయనకు గూడ ఇనవడకపోయేది."

ఏమన్నాడో నాకు అర్థం కాలేదు. ఎవరికి అని అడిగాను.

"ఆయనకే. నా లెక్కనే చెవిటోడు గదా. నేను ఏం అనకున్నా ఊఁ ఊఁ అనుకుంట తల ఊపేటోడు. ఇనవడనోడే గట్ల ఊపుతడు, నాకు తెల్వదా? నేను గూడ ఊపేది, ఆయన మనసు నొచ్చుకోవద్దని. గందుకే వారం వారం పోయి కూసున్న."

మళ్లీ కత్తి అందుకున్నాడు. ఉల్లిగడ్డ సగం కోసి, తన గొంతు తగ్గించాననుకుని, గల్లీ అంతా వినేటట్టు చెప్పాడు.

"ఎవలకు చెప్పలే నేను. చెప్తే ఆయన నౌకరి పోతది గదా. ఇప్పుడు గూడ నువ్వు ఎవలకు చెప్పకు."

నేను తల ఊపాను.